చెక్క చదువు ఆడపిల్లకెందుకంటారా?

వానలు మొదలయ్యాయంటే చాలు, మన ఇళ్ళల్లో తలుపులు మొండికేస్తాయి. ఎండాకాలంలో వేలు దూరేంత సందు ఉన్న తలుపే శ్రావణమాసం వచ్చేసరికి భుజం పెట్టి నెట్టినా కదలదు. వడ్రంగిని పిలిస్తే చిత్రిక పట్టి వెళ్ళిపోతాడు. మళ్ళీ వేసవికి ఆ సందులోంచి బల్లులు రాకపోకలు సాగిస్తుంటాయి! ఏటా జరిగే తంతే కదా అని మనమూ ఎందుకిలా అని అడగం. కానీ ఈ 'ఎందుకు'నే పట్టుకుని విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు ఎమ్మెస్సీ చదివే పిల్లలున్నారని మీలో ఎంతమందికి తెలుసు? ఆ చదువు పేరు వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. మన మాటల్లో చెప్పుకుంటే కలప శాస్త్రం.

దీని గురించి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, డిగ్రీ ఫలితాలు వచ్చే రోజులివి. మన ఊళ్ళల్లో మహిళా డిగ్రీ కాలేజీల నుంచి ఎంపీసీ గ్రూపుతో బీఎస్సీ ప్యాసయ్యే అమ్మాయిలు ఎంతమందో! వాళ్ళ ముందు మనం పెట్టే దారులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బీఈడీ చెయ్యి, లేకపోతే లెక్కల్లో ఎమ్మెస్సీ చెయ్యి, అదీ కాకపోతే అమీర్‌పేట వెళ్ళి ఏదైనా కంప్యూటర్ కోర్సు నేర్చుకో. నాలుగోది చెప్పక్కర్లేదు, సంబంధాలు చూడడం. నేనూ ఎంపీసీ చదివినదాన్నే. నా రోజుల్లోనూ ఇవే దారులు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు ఈ మూడూ కలిసే చోట కలప అనే ఒక వస్తువు ఉందనీ, దాని చుట్టూ ఒక శాస్త్రమూ, ఒక పెద్ద పరిశ్రమా ఉన్నాయనీ మాకు చెప్పినవాళ్ళు లేరు.

మా వీధిలో ఒకమ్మాయి డెహ్రాడూన్‌లో ఈ కోర్సుకి ఎంట్రన్స్ రాసింది. సీటొచ్చింది. ఇంట్లో మాత్రం తుపాను మొదలైంది. వాళ్ళ నాన్నగారు చిన్న ఉద్యోగి, పిల్ల చదువుకి అడ్డం పడే మనిషి కాదు. ఆయన బాధ ఆయనది. "మీరు కథలు రాసేవారు, వినడానికి మీకు బాగానే ఉంటుందమ్మా. రేపు పెళ్ళిచూపుల్లో అమ్మాయి ఏం చదివిందని అడిగితే నేనేం చెప్పను? కర్రల గురించి చదివిందని చెప్పనా?" అన్నారు. నానమ్మగారైతే ఒక్క ముక్కలో తేల్చేశారు, "వడ్రంగం నేర్చుకోడానికి అంత దూరం ఎందుకే" అని. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. ఫీజు కట్టాల్సిన తేదీ మాత్రం దగ్గరపడుతోంది.

వడ్రంగం తక్కువ పనేమీ కాదు, ముందు ఆ మాట అనుకుందాం. బొబ్బిలి వీణకు పనసే ఎందుకు, ఏటికొప్పాక లక్కపిడతలకు అంకుడు కర్రే ఎందుకు, కొండపల్లి బొమ్మలకు తేలికైన తెల్ల పొణికే ఎందుకు, ఎడ్లబండి చక్రానికి తుమ్మే ఎందుకు అన్నది పుస్తకం చదవకుండానే చేతివేళ్ళతో తెలుసుకున్నవాళ్ళు మన పనివాళ్ళు. కలప శాస్త్రం చేసేది ఆ వేళ్ళకు తెలిసినదానికి కారణం వెతకడమే. 'చేవ ఉన్న మనిషి' అంటాం కదా, ఆ చేవ ఎక్కడ్నుంచి వచ్చిన మాట? చెట్టు మాను లోపల ముదురు రంగులో ఉండే గట్టి భాగం నుంచి. చుట్టూ ఉన్న తెల్లటి భాగం నీళ్ళు మోస్తుంది. లోపలి చేవ నీళ్ళు మొయ్యడం మానేసి, కొన్ని రసాయనాలను నింపుకుని కూర్చుంటుంది. టేకు చేవను చెదలు అంత సులువుగా ముట్టుకోకపోవడానికి ఆ రసాయనాలే కారణం. అదే టేకు మానులోని తెల్ల భాగంతో కిటికీ చేయించుకుంటే కొన్నాళ్ళకే పిండి రాలుతుంది. టేకు అని డబ్బు పోసి కొన్నాం, పురుగు పట్టిందేమిటని ఏడ్చే ఇళ్ళు నాకు తెలుసు.

ఇక తలుపు సంగతి. పచ్చి చెక్కలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. కణాల లోపలి ఖాళీల్లో కొన్ని, కణాల గోడల్లో కొన్ని. ఖాళీల్లో నీళ్ళు పోయినంతసేపూ చెక్క బరువు తగ్గుతుందే గానీ కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లో నీళ్ళు పోవడం మొదలవుతుంది. అప్పుడు చెక్క ముడుచుకుంటుంది. అదైనా అన్ని వైపులా సమానంగానా? కాదు. నిలువునా దాదాపు తగ్గదు. మాను నడిమి నుంచి బెరడు వైపుకి కొంత తగ్గుతుంది. వలయాల చుట్టూ తగ్గేది దానికి సుమారు రెట్టింపు. పలకలు వంకర తిరగడం, మంచం పట్టెలు పగలడం ఇందువల్లే. మళ్ళీ గాలిలో తేమ పెరిగితే చెక్క తాగుతుంది, ఉబ్బుతుంది. మచిలీపట్నం గాలి వేరు, అనంతపురం గాలి వేరు. అందుకే భారత ప్రమాణాల సంస్థ దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి, ఏ మండలంలో ఏ పనికి చెక్కలో ఎంత తేమ ఉండొచ్చో చెప్పింది. ఎన్ని కలప అడితీల్లో అది చూసి అమ్ముతారో, అది వేరే సంగతి.

చెక్కను ఆరబెట్టడం ఒక విద్య. వడియాలు పెట్టే మనకు ఇది చెప్పక్కర్లేదు. మండుటెండలో మందంగా పెట్టిన వడియం పైన గట్టిపడిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది చూడండి, చెక్కా అంతే. తొందరపడి వేడి చేస్తే పైపొర బిగుసుకుని, లోపలి తడి బయటికి రాలేక చీలికలు పడుతుంది. అందుకే కిల్న్ అనే గదుల్లో వేడినీ, తేమనీ, గాలినీ రోజురోజుకీ లెక్క ప్రకారం మారుస్తూ ఆరబెడతారు. ఏ జాతి చెక్కకు, ఎంత మందానికి ఏ లెక్క అన్నది ఈ కోర్సులో నేర్పుతారు. ఇందులో ఆడపిల్ల చెయ్యలేనిది ఏముందో నాకు అర్థం కాదు.

ప్లైవుడ్ దగ్గరికొస్తే ఇది నేరుగా మన వంటింటి వ్యవహారం. సింకు కింద అలమర రెండేళ్ళకే పొరలు పొరలుగా ఊడిపోతుంది. షాపువాడు 'వాటర్‌ప్రూఫ్ అమ్మా' అని ఇచ్చిందే! చెట్టు మానును తిప్పుతూ, పెన్సిలు చెక్కినట్టు పల్చటి పొరలు తీసి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా పేర్చి, జిగురుతో అతికించి, వేడిగా నొక్కితే ప్లైవుడ్. అడ్డం నిలువూ పెట్టడంలోనే కిటుకుంది, ఒక పొర ముడుచుకోబోతే పక్క పొర పట్టుకుంటుంది. మిగిలిన కథంతా జిగురుదే. 'ఎమ్మార్' అని ముద్ర ఉన్నది గాలిలో తేమను ఓర్చుకుంటుంది, అంతే. నీళ్ళలో నానేచోటికి పనికొచ్చేది ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. దాని జిగురును పరీక్షించాలంటే ముక్కను 72 గంటలు మరిగే నీళ్ళలో ఉడకబెడతారు. పప్పు కూడా అంతసేపు ఉడకదు! ఆ పరీక్ష చేసి, పొరలు ఎంత బలానికి విడిపోతాయో కొలిచి, సరుకు బయటికి పంపొచ్చో లేదో సంతకం పెట్టే ఉద్యోగం ఈ చదువు చదివినవాళ్ళది. కొత్త అలమర తలుపు తెరవగానే కళ్ళు మండే వాసన వస్తుందే, అది ఫార్మాల్డిహైడ్. ఆ రసాయనం మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లో తేల్చింది. అది తక్కువగా వదిలే జిగుర్లు తయారు చెయ్యడం ఇప్పుడు ఈ శాస్త్రంలో పెద్ద పని. పసిపిల్లలున్న ఇంట్లో రోజంతా గడిపేది మనమే కనుక ఈ పని మీద మనకే ఎక్కువ ఆసక్తి ఉండాలి.

ఇంకో వైపు చూస్తే ఈ చదువు డిటెక్టివు నవలలా ఉంటుంది. అమెరికాలో 1932లో విమాన వీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకుపోయినవాడు ఒక చేతితయారీ నిచ్చెన వదిలిపెట్టాడు. ఆర్థర్ కోలర్ అనే కలప శాస్త్రవేత్త ఆ నిచ్చెన ముక్కల మీది రంపపు, చిత్రిక గుర్తులు పట్టుకుని, అవి ఏ మిల్లులో కోసినవో, న్యూయార్కులో ఏ అడితిలో అమ్మినవో కనిపెట్టాడు. నిచ్చెనలో ఒక ముక్క నిందితుడి అటక మీది పలకతో సరిపోయిందని 1935లో కోర్టులో సాక్ష్యం చెప్పాడు. అంతదూరం ఎందుకు, మన శేషాచలం అడవుల ఎర్రచందనం చూడండి. దుంగలు పట్టుబడిన వార్తలు చదువుతూనే ఉంటాం. బెరడు చెక్కేసి, ముక్కలు చేసి, వేరే పేరు రాసి పంపితే అది ఎర్రచందనమేనని కోర్టులో నిరూపించేదెలా? ఆకూ లేదు, పువ్వూ లేదు. పల్చటి పొర కోసి సూక్ష్మదర్శినిలో కణాల అమరిక చూసి జాతి చెప్పాలి. ఒళ్ళు అలిసే పని కాదు గానీ, కన్ను అలిసే పని. ఓపిక కావాలి. బియ్యంలో రాళ్ళు ఏరిన కళ్ళకు ఆ ఓపిక లేదంటే నేనొప్పుకోను.

ఆ సూక్ష్మదర్శిని దగ్గర కూర్చున్న ఒక స్త్రీ కథ చెప్పాలి. ఎలోయిస్ జెర్రీ అనే ఆవిడ 1910లో అమెరికా అటవీ శాఖవారి కలప ప్రయోగశాలలో చేరింది. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఆ ప్రయోగశాల అప్పుడే కొత్తగా తెరిచారు. ఆ శాఖలో శాస్త్రవేత్తగా చేరిన మొదటి మహిళ ఆవిడే. వాళ్ళకు ఆడవాళ్ళను తీసుకోవాలని లేదు, ఆ పనికి మగవాళ్ళెవరూ దొరక్క తీసుకున్నారని ఆవిడే తర్వాత దాపరికం లేకుండా చెప్పింది! దక్షిణాది పైన్ చెట్లకు గాట్లు పెట్టి జిగురు తీస్తారు, దాంతో టర్పెంటైను చేస్తారు. లోతుగా నరికితే ఎక్కువ వస్తుందని జనం చెట్లను చంపుకుంటున్నారు. జెర్రీ అడవుల్లోకి వెళ్ళి, చెట్టు నుంచి ముక్కలు తీసుకుని, గాయపడ్డాక చెట్టు కొత్తగా జిగురు నాళాలు ఎలా తయారుచేసుకుంటుందో చూసింది. తేలికగా, జాగ్రత్తగా గీస్తే చెట్టు బతుకుతుంది, జిగురూ ఎక్కువ వస్తుందని చూపించింది. 1921లో పీహెచ్‌డీ పట్టా పుచ్చుకుంది. అక్కడే 1954 దాకా పనిచేసింది. నలభై నాలుగేళ్ళు!

మన దేశంలో ఈ చదువుకి పుట్టిల్లు డెహ్రాడూన్. అక్కడి అటవీ పరిశోధనా సంస్థ 1906లో మొదలైంది, 1991లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది. అక్కడ మ్యూజియంలో ఏడు వందల ఏళ్ళు దాటిన దేవదారు మాను అడ్డకోత ఒకటి నిలబెట్టారు. వలయాలు లెక్కపెట్టుకుంటూ పోతే కాకతీయుల కాలానికి చేరతాం. వుడ్ సైన్స్ ఎమ్మెస్సీకి ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలతో డిగ్రీ చేసినవాళ్ళూ, ఫారెస్ట్రీ డిగ్రీ చేసినవాళ్ళూ అర్హులు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. కెమిస్ట్రీ మీద మక్కువ ఉన్న అమ్మాయిలకు అక్కడే కాగితం తయారీకి సంబంధించిన ఎమ్మెస్సీ కూడా ఉంది. కేరళలో కన్నూరు విశ్వవిద్యాలయంలోనూ వుడ్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది. బెంగుళూరు మల్లేశ్వరంలో ఉన్న కలప పరిశోధనా సంస్థ గంధపు చెక్క పరిశోధనకు పేరు పొందింది. ప్లైవుడ్, ప్యానెళ్ళ మీద ఏడాది పీజీ డిప్లొమా కూడా బెంగుళూరులోనే నడుస్తూ వచ్చింది, ఆ ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఇంటరుతోనే ఇటువైపు రావాలనుకుంటే సిద్దిపేట జిల్లా ములుగులో 2016లో వచ్చిన ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్ళ ఫారెస్ట్రీ డిగ్రీ ఉంది. అది చదివాక కలప వైపు మళ్ళొచ్చు.

తర్వాత ఉద్యోగం? ఇక్కడ తేనె పూసి చెప్పడం నాకిష్టం లేదు. 'వుడ్ సైన్స్ చదివినవారు కావలెను' అని పేపర్లో పెద్ద అక్షరాల ప్రకటన రాదు. ప్రభుత్వ పరిశోధనా సంస్థల్లో శాస్త్రవేత్త పోస్టులు ఎప్పుడో గానీ పడవు. పడినా కొన్నే. ప్రాజెక్టుల్లో ఫెలోషిప్పు మీద చేరి, పీహెచ్‌డీ చేసుకుంటూ ఎదురుచూడాలి. కొలువులు ఎక్కువగా ఉన్నది పరిశ్రమలో. హర్యానాలో యమునానగర్, కేరళలో పెరుంబావూరు, గుజరాత్‌లో గాంధీధామ్ చుట్టుపక్కల ప్లైవుడ్, ప్యానెల్ ఫ్యాక్టరీలు గుంపులుగా ఉన్నాయి. జిగుర్లూ, పాలిష్‌లూ తయారుచేసే కంపెనీలు, ఫర్నిచర్ కంపెనీలు, పరీక్షా కేంద్రాలు, కలప దిగుమతి సంస్థలు వీళ్ళను తీసుకుంటాయి. మన దగ్గర రాజమండ్రిలో, భద్రాచలం దగ్గర సారపాకలో పేపరు మిల్లులున్నాయి. రైతులు వేసే సుబాబుల్, సరుగుడు, జామాయిల్ వాటికే వెళ్తుంది. ఎకరానికి ఎంత కర్ర వస్తుందన్నది ఒక లెక్క అయితే, ఆ కర్రలో గుజ్జు ఎంత అన్నది ఇంకో లెక్క. ఆ రెండో లెక్క చెప్పేవాళ్ళు వీళ్ళే. విదేశాలకు వెళ్ళే సరుకుకు వేసే చెక్కపెట్టెలను పురుగు లేకుండా శుద్ధి చెయ్యాలన్న నియమం ఉంది. వేడి పద్ధతిలోనైతే చెక్క నడిమధ్య కూడా 56 డిగ్రీలకు చేరి అరగంట ఉండాలి. అప్పుడే గోధుమకంకి బొమ్మ ఉన్న ముద్ర వేస్తారు. ఆ శుద్ధి కేంద్రాల్లోనూ తెలిసినవాళ్ళు కావాలి.

ఈ పరిశ్రమ ఎటు పోతోందన్నది కూడా చూసుకోవాలి కదా. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అడవుల నరికివేత మీద ఇచ్చిన ఉత్తర్వుతో ఈశాన్య రాష్ట్రాల్లో ప్లైవుడ్ మిల్లులు ఎన్నో మూతపడ్డాయి. తర్వాత్తర్వాత మిల్లులు పొలాల్లో పెంచిన పోప్లార్, జామాయిల్ మీద ఆధారపడ్డాయి. ఇవి లేత చెట్లు, వీటిలో చేవ తక్కువ. వంకర తిరుగుతాయి, పురుగు పడతాయి. తాతల నాటి టేకుతో పని చెయ్యడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, ఐదారేళ్ళ చెట్టుతో తలుపు చెయ్యడానికే కావాలి. కెనడాలో వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంవాళ్ళు 2017లో 18 అంతస్తుల విద్యార్థుల వసతిగృహాన్ని ఎక్కువ భాగం చెక్కతోనే లేపారు. ఆ విశ్వవిద్యాలయంలో కలప ఉత్పత్తుల మీదే డిగ్రీ ఉంది. పై చదువులకు వెళ్ళాలనుకునే పిల్లలకు అటువైపూ దారి ఉందన్నమాట.

"ఫ్యాక్టరీల్లో ఆడపిల్లా!" అంటారని నాకు తెలుసు. దుమ్ము, చప్పుడు, షిఫ్టులు ఉన్నమాట నిజమే. కానీ అమ్మా, ఆ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు లేరనుకుంటున్నారా? తడి పొరలు మోసుకెళ్ళి ఎండలో ఆరబెట్టేదెవరు? చిరిగిన పొరలు ఏరి, అతుకులు వేసేదెవరు? ఆడకూలీలే. అడవిలోంచి వంటచెరకు నెత్తిన పెట్టుకుని మైళ్ళ దూరం నడిచిందీ ఆడదే. మోసేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు, దుమ్ము మింగేటప్పుడు ఇది ఆడవాళ్ళకు తగిన పనేనా అని ఎవరూ అడగలేదు. తెల్లకోటు వేసుకుని అదే పొరను పరీక్షించి సంతకం పెట్టే కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకి ఆడపిల్ల గుర్తొస్తుంది! దుమ్ము నివారణ యంత్రాలు పెట్టించమనీ, జిగురు ఘాటు కొలవమనీ అడిగే అధికారం ఉన్నచోట ఒక అమ్మాయి కూర్చుంటే కింద పనిచేసే ఆ ఆడవాళ్ళకూ ఊపిరాడుతుందని నేననుకుంటాను.

ఆ నాన్నగారి ప్రశ్న మిగిలిపోయింది, పెళ్ళిచూపుల్లో ఏం చెప్పాలని. ఎమ్మెస్సీ అని చెప్పొచ్చు. అది అబద్ధమూ కాదు. ఎందులో అని అడిగితే ఆ పిల్లే చెబుతుంది. వాళ్ళింటి గుమ్మం ఎందుకు బిగుసుకుంటుందో కూడా కలిపి చెబుతుంది. దూరం సంగతంటారా, ఢిల్లీ దాకా ఒక రైలు, అక్కణ్ణుంచి ఇంకో రైలు. మన పిల్లల్ని పై చదువులకి సముద్రాలు దాటిస్తున్నాం, ఈ దూరం ఒక దూరమా? 1980లో ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులో తొలిసారి మహిళలు చేరినప్పుడు వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇవే మాటలు వినపడి ఉంటాయి. అన్నట్టు, ఆ పరీక్ష రాయడానికి ఎంపీసీ డిగ్రీ కూడా సరిపోతుంది.

అలాగని వినగానే ఎగిరి గంతేసి ఫీజు కట్టెయ్యమని నేననను. చేరబోయే ముందు నాలుగు సంగతులు కనుక్కోవాలి. గడిచిన రెండు బ్యాచ్‌లవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారు, వాళ్ళలో అమ్మాయిలెంతమంది, వాళ్ళ మొదటి జీతమెంత? రెండేళ్ళలో ఫ్యాక్టరీలోనో ప్రయోగశాలలోనో ఎన్ని నెలలు పని నేర్పిస్తారు? హాస్టల్లో సీటు ఖాయమేనా? ఫీజుకి స్కాలర్‌షిప్పు ఏమైనా ఉందా? ఇవన్నీ ఆఫీసులో అడిగితే సగమే తెలుస్తాయి, చదువుతున్న సీనియర్ అమ్మాయి ఫోన్ నంబరు ఇప్పించుకుంటే మిగతా సగం తెలుస్తుంది. ఆ ఫోను వాళ్ళ నాన్నగారే చెయ్యక్కర్లేదు, అమ్మాయిని చెయ్యనిస్తే సరి.